హాజరు పలకని బడి

జూన్ 14
ట్రాన్స్‌ఫరై వచ్చానో లేదో హెచ్చెమ్ గారు నా నెత్తిన పని పడేశారు. స్కూలుకి యాభై ఏళ్లు నిండుతున్నాయట. ప్రొఫైల్, చరిత్ర కలిపి రెండు పేజీలు రాసివ్వాలట. సోషల్ టీచర్ని కాబట్టి చరిత్రంతా నా సొత్తన్నమాట. రిజల్ట్స్, గ్రౌండ్, లైబ్రరీ, పైకొచ్చిన పూర్వ విద్యార్థులు అన్నీ ఉండాలి, ఏడుపుగొట్టు సంగతులు మాత్రం వద్దన్నారు. ఏ ఏడుపో నేను అడగలేదు.

మా అక్క చదివింది ఈ బళ్లోనే. కాస్త సాయం చెయ్యవే అంటే, నాకేం గుర్తులేదంటూ ఇస్త్రీ చేసుకుంటూ కూర్చుంది.

జూన్ 17
ఇక్కడొక వింత పద్ధతి. పేరు పిలిస్తే పిల్లలు ప్రెజెంట్ అనరు. లేచి నిలబడతారు. టీచర్ తలెత్తి ముఖం చూశాకే టిక్ పెట్టాలి. పీరియడ్లో సగం దీనికే సరి. ఎందుకిలా అని స్టాఫ్ రూమ్‌లో అడిగితే, మేం వచ్చేసరికే ఉంది మేడం అన్నారు.

జూన్ 18
టెన్త్ బి. ఆఖరి పేరు అయ్యాక వెనక నుంచి సన్నగా ‘ప్రెజెంట్ మేడం’ అని వినబడింది. ఎవరే ఆ కోతి అని అరిచాను. పిల్లలు బిక్కమొహాలు వేశారు. వాళ్లకేమీ వినబడలేదట.

జూన్ 19
మళ్లీ.

జూన్ 23, సాయంత్రం
రిటైరైన డ్రిల్ మాస్టారింటికి వెళ్లాను. ఆ పద్ధతి తనే పెట్టించానన్నారు. ఒకప్పుడు ల్యాబ్‌కి నిప్పంటుకుందట. పిల్లల్ని గ్రౌండ్లో నిలబెట్టి పేర్లు పిలిచారట. అందరూ పలికారు. హమ్మయ్య అనుకున్నారట. పైన లైబ్రరీలో ఒక పిల్ల నిద్రపోతూనే ఉంది. పొగకి పోయింది. కుదురులేని పిల్లని అందరూ పిచ్చుక అనేవారట. దాని బదులు ఎవరో ప్రాక్సీ పలికారు. నేను గొంతు విన్నానమ్మా, ముఖం చూడలేదు అన్నారు. పలికిన పిల్ల ఎవరని ఆయన ఏనాడూ ఆరా తియ్యలేదట. తెలిస్తే దాన్ని బతకనిస్తారా అన్నారు.

అది టెన్త్ బి. అక్క చదివిన ఏడే, అక్క సెక్షనే.

జూన్ 24
పిలిస్తే అక్క పలకదు. ఎక్కడున్నా లేచి వచ్చి ఎదురుగా నిలబడుతుంది. నోట్లో ఏం పెట్టుకున్నావే అని అమ్మ తిట్టి తిట్టి వదిలేసింది. తన తీరే అంత అని నేనూ అనుకున్నాను ఇన్నేళ్లూ.

పొద్దున్న పిలిచాను. వచ్చి నిలబడింది. అడగబోయింది మానేసి, కాఫీ పెట్టమన్నాను.

జూన్ 26
పిచ్చుక ఊసే లేకుండా చరిత్ర రాసేశాను. పోయిన పిల్లకన్నా బతికున్న అక్క నాకు ముఖ్యం. అంతే. రాశాక సిగ్గేసింది.

జూన్ 27
టేబుల్ మీది కాగితాలు అక్క చదివేసింది. ఇందులో పిచ్చుక లేదేం అంది. ఇక ఆగలేదు. రోజూ ఒకరి బదులు ఒకరు పలికేవాళ్లట. ఆ రోజు పిచ్చుక గోడ దూకి ఇంటికి పోయిందనుకుందట. నా బదులు అది ఎన్నిసార్లు పలికినా నాకేం కాలేదే, నేను పలికితే అది చచ్చిపోయింది అంది. రాయి, పలికింది నేనేనని కూడా రాయి అంది.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. తను ఏడవలేదు.

జూలై 2
అన్నీ చేర్చి మళ్లీ రాసిచ్చాను. హెచ్చెమ్ గారు చదివి, వద్దన్నానుగా అన్నారు. మీ అక్క పేరు కదా, ఆలోచించుకున్నారా అన్నారు. తనే రాయమంది అన్నాను. ఆ భాగం కొట్టేస్తారని భయపడ్డాను. సంతకం పెట్టారు.

జూలై 9
యాభై ఏళ్ల సభలో చదివారు. పిచ్చుక అసలు పేరు మైకులో వినబడగానే వెనక వరసలో అక్క లేచి నిలబడింది. ఎవరూ కూర్చోమనలేదు. డ్రిల్ మాస్టారు వెనక్కి తిరిగి తన ముఖం చూశారు. చాలాసేపు చూశారు.

జూలై 10
టెన్త్ బి. ఆఖరి పేరు అయ్యాక ఆగి చూశాను. ఏ గొంతూ లేదు.

జూలై 11, సాయంత్రం
వంటింట్లో చప్పుడైతే అక్కా అని పిలిచాను. ‘ఆఁ, ఇక్కడే ఉన్నా’ అని పలికింది. ఇన్నేళ్లకి! నా కళ్లు నిండాయి.

అప్పుడే వీధి తలుపు తోసుకుని, కూరల సంచితో అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. అదేనే, నా బదులు పలికింది, అంది.