సంచులు తీసిన వరుస

డిసెంబర్ 3, ఆదివారం

తెల్లవారకముందే మా ఆయన తయారు. గళ్ళ చొక్కా, మెడలో కెమెరా. మూడేళ్ళుగా ఏ ప్రొడ్యూసరూ పిలవని కెమెరామన్ గారు ఇవాళ జొన్నచేను తీయడానికి బయల్దేరారు. నవ్వాను. లోపల మాత్రం సంతోషమే. మద్రాసు వదిలి ఈ ఫిల్మ్ నగర్ రాళ్ళ మధ్యకి వచ్చాక నాకంటే ముందు ఆయన లేవడం ఇదే మొదలేమో...

క్లబ్బు వ్యాను. ఓ ఇరవై మందిమి. ఊరి బయట జొన్న పరిశోధనా కేంద్రం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మా సేవా క్లబ్బు ఎక్కడికి వెళ్ళినా మొదట శాలువా, తర్వాత ఫోటో, ఆ తర్వాత టిఫిను. సేవ ఎక్కడొస్తుందో సెక్రటరీనై ఉండి నేనే చెప్పలేను. ఇవాళా అంతే. ప్రెసిడెంటు నర్సింగరావు గారు అక్కడి డైరెక్టరు గారికి శాలువా కప్పారు. డైరెక్టరు గారు కెమెరా వైపు చూడలేదని విప్పి, ఫోటో కోసం మళ్ళీ కప్పారు.

చేను చూపించింది స్వప్న. అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి, సిద్దిపేట వైపు. కంకులన్నిటికీ కాగితపు సంచులు — చలికి టోపీలు పెట్టుకున్న పిల్లల్లా. ఎందుకమ్మా అంటే —

"పూత మీదున్నయి మేడం. పక్క చేన్ల పుప్పొడి గాలికొచ్చి పడితే గింజ కల్తయితది. సంచి ఒక్కసారి తీసినా గా కంకి ఇగ నాకు పనికిరాదు."

నీళ్ళు తక్కువైనా నిలబడే జొన్న అట. నాలుగేళ్ళుగా ఆ ఒక్క రకాన్నే కాపాడుకొస్తోంది. ఉన్నది రెండే వరుసలు. ఏ వరుస గింజ ఆ వరుసకి కలిపి దాచి, మళ్ళీ అదే విత్తడం. ఇది విన్నది నేనూ, ఇంకో ఇద్దరూ. మిగతావాళ్ళు మజ్జిగ దగ్గర. ఆయన ఎప్పుడో గట్టు దిగిపోయి, చేతులతో ఫ్రేము కట్టుకుని చూసుకుంటున్నారు.

తిరుగు దారిలో నా చెవి దగ్గరకొచ్చి — "ఆ కాగితాలు ఫ్రేములో ఎంత అసహ్యంగా ఉన్నాయో! ముందు వరుసవి తీసేసి ఫోటో తీశాను. మళ్ళీ ఉన్నవి ఉన్నట్టే పెట్టేశాలే, క్లిప్పులతో సహా."

ఒక్కసారి తీసినా పనికిరాదన్న స్వప్న మాట గుర్తొచ్చింది. వ్యానులో అప్పుడే అంత్యాక్షరి మొదలైంది. ఆయనా గొంతు కలిపారు.

డిసెంబర్ 4

ఆయనకింకా చెప్పలేదు. చెప్పాలి.

డిసెంబర్ 6, బుధవారం

బంజారా హిల్స్ ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చాయి. ఆయన కవరు చింపే తీరు చూడాలి, చిన్నపిల్లాడు నయం.

నిజం చెప్పాలి — ఒకటి అద్భుతం. వెనక నుంచి ఎండ. ముందు వరుసలో సంచుల్లేని కంకులు. వాటి చుట్టూ గాలిలో బంగారం పొడి...

"చూశావా జానకీ? ఈ ధూళి కోసం సెట్లో పొగ వేసేవాళ్ళం, విసనకర్రలతో విసిరేవాళ్ళం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇలా పడలేదు. మొన్న దేవుడే వేశాడు."

దేవుడు వేసింది పుప్పొడి. ఆ పిల్ల దేనికి భయపడిందో సరిగ్గా అదే, బొమ్మలో మెరుస్తోంది.

చాలా రోజుల తర్వాత రెండోసారి పెరుగన్నం అడిగి తిన్నారు. తినేదాకా ఆగి చెప్పాను. మొదట నవ్వారు. "పావుగంట తీశాను. మళ్ళీ పెట్టేశాను కదా!"

"పెట్టారు కాబట్టే ఆ పిల్లకి తెలియదు. తెలియక ఆ గింజే దాచుకుంటుంది. కల్తీ గింజ మీద ఇంకో నాలుగేళ్ళు పోస్తుంది."

"నేనేం చేను తగలబెట్టలేదు." చెప్పులు వేసుకుని ఫిల్మ్ నగర్ వాలు దిగి వెళ్ళిపోయారు.

ప్రింట్లు బల్ల మీద అలాగే. ఎంత బాగుందో ఆ బొమ్మ! కోపం కూడా సరిగ్గా రావట్లేదు.

డిసెంబర్ 7

నర్సింగరావు గారికి ఫోను చేశాను. క్లబ్బు తరఫున ఆ కేంద్రానికి చెప్పడం మర్యాద అన్నాను.

"గింత దానికి ఫికరెందుకమ్మా? సంచి మళ్ల పెట్టిండు గద సారు! ఎవ్వలు జూడలే. జర నెమ్మదిగుండుండ్రి. గా డైరెక్టరు సాబ్ మనల్ని మళ్ల పిలుస్తనన్నడు, గిప్పుడు గీ లొల్లి ఎందుకు?"

మంచివాడే. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు నిలబడేది ఆయనే. కానీ కంటికి కనబడని కష్టం ఆయన లెక్కలో కష్టం కాదు.

డిసెంబర్ 9, శనివారం

మీటింగు. క్లబ్బు పత్రిక అట్ట మీదికి ఆ బొమ్మే అన్నారు. అందరూ చప్పట్లు. ఆయన లేచి నిలబడి దండం పెట్టారు. కళ్ళు చెమర్చాయి ఆయనకి. ఒకప్పుడు పెద్ద పెద్ద వేదికల మీద కూడా ఇలా కాలేదు.

నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఈ సంతోషాన్ని ఆయన దగ్గర్నుంచి లాక్కునే మనిషిని నేనే ఎందుకు కావాలి? వేరే ఎవరైనా చెప్పకూడదా?

తెలిసినవాళ్ళం ముగ్గురమే. చెప్పాలనున్నది నాకొక్కదానికే.

డిసెంబర్ 11

ఆయన పేపరు దించలేదు. కాఫీ ఇచ్చాను. తాగారు.

డిసెంబర్ 13, బుధవారం

పొద్దున్నే వరండాలో భూతద్దం పెట్టుకుని ఆ బొమ్మే చూస్తున్నారు. నేను కూరలు తరుగుతున్నాను. తల ఎత్తకుండానే —

"ఆ పిల్ల ఎన్నేళ్ళుగా కాపాడుతోందన్నావు?"

"నాలుగు."

భూతద్దం పక్కన పెట్టి — "షూట్ చేసిన రీలు డబ్బాని అసిస్టెంటు ఎవడైనా వెలుతురులో తెరిచి ఫిల్ము పాడుచేశాడనుకో. వెంటనే మూసేసి, టేపు వేసేసి, ఏమీ ఎరగనట్టు ల్యాబుకి పంపాడనుకో..."

"ఊఁ."

"తెరిచినందుకు తిడతాను. అంతే. మూసి ఊరుకున్నందుకు మాత్రం వాణ్ణి మళ్ళీ నా యూనిట్లోకి రానివ్వను."

కత్తిపీట పక్కన పెట్టి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఈ మనిషి మీద ఇంత ప్రేమ ఎప్పుడు కలిగిందో గుర్తులేదు. అంత భయమూ వేసింది.

డిసెంబర్ 14, గురువారం

స్వప్న వెంగళరావు నగర్‌లో మేనత్త ఇంట్లో ఉంటుంది. ఆ రోజే నంబరు ఇచ్చింది. సాయంత్రం ఆయనే ఫోను చేశారు. నేను పక్కన నిలబడి రిసీవరుకి చెవి ఆనించాను.

మొత్తం చెప్పారు. బొమ్మ బాగుండాలని తీశానన్నారు. సాకులేమీ చెప్పలేదు. ఆ వైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత —

"ఏ వరుస సార్?"

"కాలువ పక్కదమ్మా. ముందుది."

"మొత్తం తీసిండ్రా?"

"చాలావరకు."

"వెనక వరుస ముట్టలేదు గద సార్?"

"లేదమ్మా."

"అయితే బతికిన సార్. ముందుది పీకేస్త. వెనకదొక్కటున్నా మళ్ల పెంచుకుంట. మీరు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తుండె? గీ సంగతి ఎవలూ చెప్పరు సార్."

ఫోను పెట్టేశాక ఆయన కుర్చీలో కూలబడ్డారు. నర్సింగరావు గారికి కోపం వస్తుంది. రానీ. అట్ట మీద ఇంకే బొమ్మైనా వేసుకోవచ్చు. గుళ్ళో దీపం పెట్టి వచ్చినంత హాయిగా ఉంది నాకు.

డిసెంబర్ 15

టోలిచౌకి దాకా వెళ్ళి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాను, ఆయనకిష్టమని. ముట్టలేదు. జ్వరమేమో అని నుదురు పట్టుకు చూశాను. లేదు.

"జానకీ... వెనక వరుసలో ఒక సంచి ఫ్రేములోకి పొడుచుకొచ్చింది. చిరాకేసింది. అది తీశానా? పక్కకి తిప్పి ఊరుకున్నానా?"

"నిన్న లేదన్నారుగా!"

"ఆ పిల్ల అలా అడిగేసరికి లేదని నోట్లోంచి వచ్చేసింది."

బొమ్మలన్నీ పరిచాము. వెనక వరుస అంతా మసక. తెల్లటి మచ్చలు. సంచో కంకో ఎవరికి తెలుస్తుంది? "ముందువే కనబడాలని వెనకది నేనే మసక చేశాను," అన్నారు. ఏ మొక్కో కూడా చెప్పలేకపోతున్నారు.

డిసెంబర్ 16, శనివారం

"చెప్తే?" అన్నారు.

"ఆ వరుసా పీకేస్తుంది. నాలుగేళ్ళూ పోతాయి."

"నేను తీసి ఉండకపోతే, ఊరికే పీకేసినట్టు."

"అవును."

"తీసి ఉంటే?"

కల్తీ గింజ మీద ఆ పిల్ల ఇంకో నాలుగేళ్ళు పోస్తుంది. ఆయనకి తెలుసు. మొన్న తెలిసినదాన్ని చెప్పమన్నాను, అది తేలిక. తెలియనిదాన్ని ఎలా చెప్పమనను? అడిగితే చెప్పమనే అంటానేమో. అందుకే అడగట్లేదు ఆయన.

డిసెంబర్ 17, ఆదివారం

ఇవాళ స్వప్న ఇంట్లోనే ఉంటుంది. భోజనాలయ్యాక ఆయన ఫోను దగ్గరికి వెళ్ళారు. నన్ను పిలవలేదు. నేను వంటింట్లోనే ఉండిపోయాను, కుళాయి కట్టేసి.

డయల్ తిరిగిన చప్పుడు. ఒక అంకె... రెండు... మూడు... ఆగింది.

తడి చేతులతో అలాగే నిలబడ్డాను. రిసీవరు పెట్టేసిన చప్పుడు రాలేదు. మళ్ళీ డయల్ తిరిగిన చప్పుడూ రాలేదు.