ఆగడం ఎలా

లేహ్,
అక్టోబరు 9

ప్రియమైన చెల్లి, కాబోయే హిమక్రీడా శిరోమణి పద్మావతికి,

మైనస్ నాలుగు డిగ్రీల నుంచి అన్నయ్య ఆశీస్సులు. మైనస్ నాలుగని ప్రకటించింది నేనే. నన్ను బీఎస్సీ దాకా చదివించి వాతావరణ కార్యాలయంలో కూర్చోబెట్టింది, రోజుకు మూడుసార్లు బయటికెళ్ళి చలిగానే ఉందని రూఢి చేసుకురావడానికే.

జనవరిలో సిమ్లాలో జరిగే బాలికల ఐస్ హాకీ ఎంపికకు శారదాదేవి టీచర్ నిన్ను తీసుకెళ్తున్నారని తెలిసి ఇక్కడి మంచుకు చెమట పట్టింది. నడిసముద్రపు దీవిలో ఉన్న మన గరాచర్మలో మంచు కనిపించేది ఫ్రిజ్‌లోనే. ఆ ఫ్రిజ్ కూడా మనది కాదు, పక్కింటి గవరమ్మ పిన్నిది. అయినా పరవాలేదు. పదహారు నిండినవాళ్ళను ఆ జట్టులోకి రానివ్వరు, నీకు మార్చిలో నిండుతాయి. కాబట్టి ఉన్నది ఈ ఒక్క జనవరే. అందుకే గురుపీఠం నేనే ఎక్కాను. రెండు చలికాలాలు గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ నేర్చుకున్నవాణ్ణి. ఎక్కువ భాగం వెల్లకిలా పడుకుని నేర్చుకున్నాను, అది వేరే సంగతి.

మొదటి పాఠం. మోకాళ్ళు వంచు. బస్సులో సీటు దొరికిందని కూర్చోబోతూ ఉంటే, అందులో ఎవరో ముందే కూర్చుని ఉంటారు చూడు. అప్పుడు సగంలో ఆగిపోతాం కదా, సరిగ్గా ఆ భంగిమ. రెండోది, కాలితో వెనక్కి తొయ్యకు, పక్కకి తొయ్యి. ఒక్కో తోపుకి ఎంత దూరం జారుతున్నావో సుద్దముక్కతో గీత గీసి చూసుకో.

ఇదంతా నీకు హిందీలో రాస్తే నువ్వే చదువుకుందువు. కానీ ఇంటికి వచ్చే ఉత్తరం తెలుగులోనే ఉండాలని నాన్నగారి శాసనం. నన్ను తెలుగు మీడియంలోనూ, నిన్ను హిందీ మీడియంలోనూ చేర్చింది కూడా ఆ మహానుభావుడే. నాన్నా, మోకాళ్ళ దగ్గర కొంచెం గొంతు పెంచి ఇంకోసారి చదవండి.

గడ్డకట్టినా ప్రేమ తగ్గని,
అన్నయ్య సత్యారావు


గరాచర్మ,
నవంబరు 4

ప్రియమైన అన్నయ్యకి చెల్లెలు పద్మావతి నమస్కరించి చెప్పగా నాన్నగారు రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం నాన్నగారు రెండుసార్లు చదివి వినిపించారు. సాయంత్రం పూట షాదీపూర్‌లో సిమెంటు నేల మీద సాధన చేస్తున్నాను. మోకాళ్ళు వంచితే తొడలు మంటలెత్తుతున్నాయి గానీ, మొదట్లో ఒక తోపుకి నాలుగడుగులు జారేదాన్ని, ఇప్పుడు తొమ్మిది జారుతున్నాను. బతు బస్తీ కుర్రాళ్ళు గోడెక్కి కూర్చుని, "అరే దీదీ, బర్ఫ్ కహాఁ హై?" అని, మంచెక్కడని ఏడిపిస్తున్నారు. "మీ బుర్రలో ఉంది, కాస్త తీసివ్వండి" అన్నాను. (ఇలాంటి జవాబులు ఆడపిల్లకి తగవని చెప్పితిని. - నాన్న)

టీచర్ ఇచ్చిన చక్రాల స్కేట్లు పాతవి. ఆగడానికి బూటు ముందు రబ్బరు ముక్క ఉంటుంది కదా, అది రెండింటికీ అరిగిపోయింది. జెట్టీలో పడవలు తగలకుండా వేలాడదీసే టైరు ఒకటి పాడైతే నాన్నగారు అది కోసి, ఉలితో చెక్కి, బోల్టు వేసి కొత్తవి చేశారు. మూడు ఆదివారాలు పట్టింది. మా వర్క్‌షాపులో సూరయ్య మేస్త్రీ చూసి ఇది కంపెనీ సరుకే అనినాడు. (ఇది పిల్ల చెప్పలేదు. నిజం గనుక నేనే రాసితిని. - నాన్న)

ఇప్పుడు ఎంత వేగంలో ఉన్నా కాలివేళ్ళ మీద వాలితే చాలు, గీత మీద ఆగిపోతాను. అన్నయ్యా, నాకు ఇది రావాలి. నాకు వచ్చినది ఇప్పటిదాకా ఇదొక్కటే.

నీ చెల్లెలు,
పద్మావతి


లేహ్,
నవంబరు 26

ప్రియమైన చెల్లికి, ఆమె ఆస్థాన లేఖకులకి,

మైనస్ పద్నాలుగు. పెన్నును చంకలో పెట్టుకుని కాచి రాస్తున్నాను, కాబట్టి ఈ అక్షరాల్లో నా హృదయం ఉందని ఎవరైనా అంటే నమ్ము.

తొమ్మిదడుగులు జారావంటే సంతోషం. ఇక మలుపు తిరగడం. ఎడమకు తిరగాలంటే కుడికాలు ఎడమకాలి మీదుగా దాటించి పెట్టు. మన పోస్టాఫీసులో క్యూ తప్పించుకునేవాళ్ళు ముందువాడి పక్కనుంచి పాదం దూరుస్తారే, అంత నైపుణ్యంగా.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను, నాన్నగారి శిల్పం. పడవకు కట్టాల్సిన టైరు కన్నకూతురి కాలికి కట్టిన ఘనత లోకంలో ఆయన ఒక్కరిదే. కంపెనీ సరుకన్న ఆ మేస్త్రీ మన నాన్న బాగుచేసిన నా సైకిలు ఎప్పుడైనా ఎక్కాడా? ఎక్కి ఉంటే ఇవాళ మాట్లాడడానికి పళ్ళుండేవి కావు. ఆ రెండు ముక్కలూ ఇవాళే ఊడదీసి సముద్రానికి సమర్పించు. ఎందుకంటే మంచు మీద వేసుకునే స్కేటుకు ముందు రబ్బరుండదు, కింద ఉక్కు కత్తి ఒక్కటే. కాలివేళ్ళ మీద వాలావో, మూతి మీద పడతావు. ఆగాలంటే నడుము తిప్పి, పాదాలు రెండూ అడ్డంగా పెట్టి గీకాలి. రబ్బరు ఉన్నన్నాళ్ళూ నీ కాలు దాన్నే వెతుక్కుంటుంది, ఆగమనే ఈల వినగానే అదే చేస్తుంది. అందుకని ఈ నెలన్నరా అది లేకుండా ఆగడం నేర్చుకో.

మంచు పడితే విమానాలు రావు, ఇక్కడి నుంచి దారులన్నీ మూసేశారు. కాబట్టి సిమ్లాకు నేను రాలేను. నా పాఠాలు వస్తాయి.

నీ ఘనీభవించిన గురువు,
సత్యారావు


లేహ్,
ఫిబ్రవరి 3

ప్రియమైన చెల్లికి,

శారదాదేవి టీచర్ రాసిన ఉత్తరం నిన్న అందింది. ముందురోజు అరగంట మంచు మీద తిరగనిచ్చారట, మెల్లగా తిరిగి గోడ పట్టుకుని ఆగావట. మర్నాడు పందెంలో అందరికంటే ముందు నువ్వేనట. ఈల వేయగానే కాలివేళ్ళ మీద వాలావట. గడ్డం పగిలి ఏడు కుట్లు, దవడకు కట్టు. జాబితాలో పేరు లేదు.

కాగితం మీద అంత వివరంగా రాశాను కదే. ఊడదియ్యి అన్నాను, ఎందుకో చెప్పాను, పడతావని కూడా చెప్పాను. ఏం, అన్నయ్య రాసేవన్నీ వేళాకోళమే అనుకున్నావా? లేక నాన్న చెక్కిన రబ్బరు మీద అంత మమకారమా? మార్చిలో నీకు పదహారు. అప్పుడు ఆ రబ్బరు ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకో.

కోపంలో రాస్తున్నాను. కట్టు తడవనివ్వకు.

అన్నయ్య


గరాచర్మ,
మార్చి 20

ప్రియమైన అన్నయ్యా,

ఇది నేనే రాస్తున్నాను. ఒత్తులు తప్పు ఉంటే సర్దుకో.

నీ ఫిబ్రవరి ఉత్తరం నాన్న మాకు నాలుగు ముక్కలు చదివి మడిచేశాడు. ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు, కట్టు తడపొద్దన్నాడు, అంతే అన్నాడు. కాగితం నిండా రాసి ఉంది. దవడ కట్టుతో నేను ఏమీ అడగలేకపోయాను. నాకు అక్షరాలు కొంచెం వచ్చు కదా. మధ్యాహ్నం గవరమ్మ పిన్ని దగ్గర కూర్చుని ఒత్తులూ గుణింతాలూ నేర్చుకున్నాను. ఉత్తరం చదవడానికి మూడు వారాలు పట్టింది. చదివితే అర్థం కాలేదు. ఊడదియ్యమని నువ్వు ఎప్పుడు చెప్పావు? అప్పుడు నవంబరుది తీసి చదివాను.

అన్నయ్యా, నీ మాట నేను వేళాకోళం అనుకోలేదు. అది నా దాకా రాలేదు.

ఆ రోజు నాన్న చదువుతుంటే అమ్మ ఉంది, పిన్ని ఉంది, సూరయ్య మేస్త్రీ కూడా టీ తాగుతూ వింటున్నాడు. పోస్టాఫీసు క్యూ దగ్గర అందరూ నవ్వారు. "ఇంకా చదువు నూకయ్యా" అన్నాడు మేస్త్రీ. నాన్న కాగితం వైపు చాలాసేపు చూశాడు. తరవాత కళ్ళజోడు తీసేసి, "దారులు మూసేశారంట, రాలేడంట" అన్నాడు. మధ్యలో ఉన్నది నాకు కావలసినది. దానికి ముందు మూడు వాక్యాలు ఆయన మీద నువ్వు నవ్విన నవ్వు. అవి దాటితేగాని నాది రాదు. మేస్త్రీ ముందు ఆయన అది ఎలా చదువుతాడు? ఉత్త మాటగా రాసి ఉంటే గొంతు పెంచి రెండుసార్లు చదివేవాడు.

మిగతాది తరవాతైనా తనలో తాను చదువుకున్నాడో లేదో తెలియదు. నేను అడగను. ఫిబ్రవరిది మాత్రం మొత్తం చదివినట్టున్నాడు. అప్పటినుంచి నా గడ్డం వైపు చూసి మాట్లాడడం లేదు.

నాకు చదవడం వచ్చిందని ఆయనకి తెలియదు. తెలియనివ్వను. నీ మీద కోపం ఉంది, ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. కానీ జవాబులో తప్పయిందని రాయకు, ఇదంతా తెలిసినట్టు ఒక్క ముక్క కూడా రాయకు. ఎప్పటిలాగే జోకులు రాయి. చదివేది నాన్నే.

నీ చెల్లెలు,
పద్మావతి