కత్తెర పడిన మూల

కోల్‌కతా,
ఫిబ్రవరి 9, 2025

ప్రియమైన మావయ్యకి,

తనూజ రాస్తున్నది. ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అంటావే తప్ప నీకేమీ వినపడదు, అందుకే ఈ ఉత్తరం. మ్యూజియంలో పాతబట్టలు బాగుచేసే పని నాకు బాగానే పట్టుబడింది.

నిన్న అమెరికావాళ్ల జెండా ఒకదాని గురించి పాఠం చెప్పారు. రెండొందల ఏళ్ల కిందట యుద్ధంలో ఇంగ్లీషు ఓడలు ఒక కోట మీద రాత్రంతా గుండ్లు కురిపించాయట. తెల్లారి కోట లొంగలేదని చెప్పడానికి ఎగరేసింది ఈ జెండానే. ఎంత పెద్దదో! కుట్టినావిడకి ఇంట్లో చోటు చాలక, బీరు కాసే కొట్టులో నేల మీద పరిచి కుట్టిందట. తర్వాత అది కోట అధికారి ఇంట్లో ఉండిపోయింది. అడిగినవాళ్లకి ఒక్కో ముక్క కత్తిరించి ఇచ్చేవారు. వందేళ్లకి పీలికలైపోతుంటే, ఆడవాళ్లు కూర్చుని వెనక నారబట్ట వేసి వలకన్నుల్లా పదిహేడు లక్షల కుట్లు వేశారు.

వలకన్నులు అనగానే నాకు నాన్న పడవ జెండా గుర్తొచ్చింది. నాన్న సముద్రంలో పోయాక ఒడ్డుకి కొట్టుకొచ్చింది అదొక్కటే కదా. అమ్మ దాన్ని తన నేతచీర మీద పరిచి, నైలాను వలదారంతో కుట్టింది. మోహనకృష్ణ బావ పంపిన ఫొటో చూశాను. ఆ దారమే ఇప్పుడు గుడ్డని కోసేస్తోంది. ఇంకో రెండు వానాకాలాలకి నాన్నది అంటూ ఏమీ మిగలదు. కుట్లు విప్పాలి మావయ్యా. నాకు పంపించు. ఉతకొద్దు, ఎండలో వెయ్యొద్దు.

నీ మేనకోడలు,
తనూజ


పూండి దగ్గర,
ఫిబ్రవరి 27

అమ్మా తనూ,

నీ ఉత్తరం అందినాది. మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయి.

కుట్లు ఇప్పమంటావేటే గుంటా! సదువుకున్నాను గదాని ఏటైనా రాసేత్తావా? ఆరు నెలలు అరుగు మీద కూకొని, కళ్లు పోయేలా కుట్టింది నా సెల్లి. మీ నాన్న దానయ్యకి దినాలు సెయ్యనియ్యనేదు. బొట్టు సెరపనేదు. "వత్తాడు" అని మూడేళ్ల కిందట తాను పోయేదాకా అన్నాది. ఆ కుట్లే దాని నమ్మకం. నా పేనముండగా వాటి మీద కత్తెర పడదు.

ఒంటి మీద సూపెట్టుకో. ఆ వూర్లో అన్నం దొరుకుతన్నాదా?

నీ మావ,
పోలారావు


కోల్‌కతా,
మార్చి 16

నా కోపిష్టి మావయ్యకి,

అన్నం దొరుకుతోంది, నీ కోపమే అరగడం లేదు.

ఆ అమెరికా జెండా కుట్లు కూడా చివరికి విప్పేశారు తెలుసా. పదిహేడు లక్షలూ, ఒక్కొక్కటే. ఆ కుట్లు వేసినవాళ్లు తప్పు చేశారని కాదు. అవే లేకపోతే జెండా ఇందాకా వచ్చేదే కాదు. ఇప్పుడు దాన్ని మసకవెలుతురులో, వాలుబల్ల మీద పడుకోబెట్టారు. దానికి ఒక చుక్క లేదు. ఎవరికో కత్తిరించి ఇచ్చారట, ఎవరికన్నది ఎవరికీ తెలీదు. అక్కడ కొత్తగుడ్డ వెయ్యకుండా ఖాళీగానే ఉంచారు.

మన జెండాకీ ఒక మూల లేదు కదా. సముద్రం చింపిందని చెప్పావు. ఫొటో పెద్దది చేసి చూశాను మావయ్యా. నీళ్లు చింపితే పోగులు వేలాడతాయి. ఇది కత్తెర. ఎవరికిచ్చావు? నాకు కోపం లేదు. నాన్నది జానెడు గుడ్డైనా సరే, ఎక్కడుందో నాకు తెలియాలి.

నీ తనూ


పూండి దగ్గర,
జూన్ 11

తనూ, నా తల్లీ,

మూడు నెలలు జవాబియ్యనేదు. రాసే దమ్ము నేకపోనాది.

ఆ మూల నానే కత్తిరించాను. జెండా దొరికింది నాకే, తొమ్మిదో రోజున. మనిషి దొరకనేదు. కర్మ సెయ్యకపోతే దానయ్య బావ గతేటి? మీ అమ్మనడిగితే ఇంట్లోంచి పొమ్మన్నాది. దానికి తెలవకుండా నౌపడ ఉప్పుమడుల అవతల కూర్మనాథం పంతులు సేత దర్భలతో బొమ్మ సేయించి, ఆ ముక్క దాని మీద కప్పి నిప్పెట్టినాను. మిగతా జెండా తెచ్చి, సముద్రం సింపిందని మీ అమ్మ సేతిలో పెట్టాను. ఆనాటి నుంచి అది "వత్తాడు" అంటంటే, నాను తలొంచుకొని అది పెట్టిన అన్నం తిన్నాను.

ఈ రెండు నెలలూ సేపల వేట బందు గదా, ఊరికే కూకొని నీ ఉత్తరం మళ్లీ మళ్లీ సదివాను. ఆ కుట్లేసినోళ్ల తప్పు కాదన్నావే, ఆ మాటకి మనసు మెత్తబడి, సిన్న కత్తెర తీసాను. రోజుకి గుప్పెడు కుట్లు. దారం పారెయ్యనేదు, పచ్చడి సీసాలో ఏసాను. నిన్న ఆ మూలకొచ్చాను. అక్కడ కుట్లు మరీ ఒత్తు. ఇప్పితే ఏటున్నాదనుకున్నావు? సీరకీ జెండాకీ మధ్యన, కత్తెర కోత పొడుగునా సాపుగా పరిచి, పసుపు తాడు. మీ అమ్మ మెళ్లో తాడు తల్లీ! పైన నల్లపూసలు సూసి, తాడూ ఉన్నాదనుకున్నాను ఇన్నేళ్లూ.

వలల మధ్యన పుట్టి పెరిగిన మనిషి. సిరుగుకీ కోతకీ తేడా తెలవదా దానికి! ఓలమ్మో, నాకెంత బుద్ధి నేదు! అన్నీ ఎరిగే నన్ను ఒక్క మాట అననేదు. నువ్వప్పుడు పదకొండేళ్ల గుంటవి, "నాన్నెప్పుడొత్తాడు" అని రోజూ అడిగేదానివి. "వత్తాడు" అన్నది నీకోసమేనేమో. అరుగు మీదే కూకొని ఏడిసాను.

జెండా మోహనకృష్ణ సేతికిచ్చి పలాసలో రైలెక్కిత్తన్నాను. ఉతకనేదు, ఎండలో ఎయ్యనేదు. ఆ మూల నువ్వూ కొత్తగుడ్డ ఎయ్యకు. తాడు నాను ముట్టుకోనేదు. అదున్న సోటే ఉంచి కుట్టమ్మా.

నీ మావ,
పోలారావు