కవితకు వచ్చిన సాయం

ఆదివారం, రాత్రి

ఇయ్యాల ఉప్పల్‌ల ఫౌండేషన్ మీటింగ్. మన దిక్కు సేవ జేసేటోళ్లకు సాయం ఇచ్చే రోజు. మంచంబట్టినోళ్లకు మంచాలు, వీల్‌చైర్లు, వాకర్లు ఉత్తగనే ఇచ్చుడు నాచారంల ఎనిమిదేండ్ల సంది నడిపిస్తున్న. కవిత నా దగ్గరనే పని నేర్సుకొని, నిరుడు మేడిపల్లిల సొంతంగ మొదలువెట్టింది. స్టేజి మీదికి మాత్రం దాన్నే పిలిచిన్రు. చప్పట్లు కొట్టిన గని కడుపు మండిపోయింది.

కిందికి దిగంగనే ఉరికొచ్చి నా చేతులు పట్టుకుంది.

"అక్కా, నా గురించి వాళ్లు నీకు ఫోన్ జేసి అడిగిన్రట గద. నువ్వు మంచిగ చెప్పినవనే నాకొచ్చింది" అన్నది. దాని కండ్లల్ల నీళ్లు.

ఫోన్ వచ్చింది నిజమే. "ఆ పిల్లకు ఓపిక తక్కువ, ఎక్కువ దినాలు నడుపది" అని చెప్పిన. మూడేండ్లు నాతోని మూడేసి అంతస్తులెక్కి మంచాలు మోసిన పిల్ల గురించి గట్ల చెప్పిన!

"అంత నీ కష్టమేనే" అన్న. అసలు సంగతి నోట్లెకెళ్లి రాలే.

ఇంటికొచ్చినంక గూడ మంట సల్లారలే. సిగ్గయితున్నది, నిజమే. గని నన్ను గంతగనం నమ్మినందుకు దాని మీదనే ఇంకింత కోపమొస్తున్నది...