చెరువులో నా వాటా

ఇస్మాయిల్‌ఖాన్‌పేట, 12-3-91

నాన్నా, నేను క్షేమం, పైగా మహా సంతోషంగా ఉన్నాను.

నా గొంతు వెనక వరుస పిల్లలకు వినబడదని, ఈ టీచరు పని నా వల్ల కాకపోతే ఆదివారం వచ్చి తీసుకుపోతానని అన్నారు కదా. నిన్న పిల్లలందరూ బడి మాని చెరువులో వల లాగుతున్నారు. పిలవబోయి బురదలో జారి, పడిపోకుండా వల తాడు పట్టుకున్నాను. తాడు ముట్టినవాళ్ళు చివరిదాకా లాగాలట, వాటా తీసుకోవాలట! లాగాను. తరువాత చేపల సంఘం పెద్ద కొమురయ్య పేరుపేరునా పిలిచి చేపలు పంచాడు. నా పేరుకు పలికాను. ఎవరికీ వినబడలేదు.

"టీచరమ్మా, జెర గట్టిగ పలుకు! లేకుంటె నీ వాటా కొంగలకేస్త!"

"వచ్చిన!" అని అరిచాను. అవతల వరిలో కలుపు తీసేవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

మూరెడు బొచ్చె చేప! పులుసు మాత్రం మరీ పుల్లగా అయింది. చింతపండు ఎంత వేయాలో అమ్మను అడిగి రండి. తమ్ముడి దగ్గు తగ్గిందా?

ఇవాళ హాజరు పిలిస్తే వెనక వరుస కూడా పలికింది. ఆదివారం పటాన్‌చెరులో పొద్దుటి బస్సే ఎక్కండి. వచ్చేటప్పుడు నా పుస్తకాల పెట్టె తెండి.

ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడు నన్నూ తలచుకోండి.

మీ కరుణ