రెడ్డెప్ప బల్ల దగ్గర ఆగిన పని

2004 జూన్ 7, సోమవారం

పుంగనూరు షెడ్డులో ఇవాళ కాన్‌బాన్ బోర్డు, అంటే పని కార్డుల బోర్డు, తగిలించాం. ట్రాక్టర్ల వైరింగ్‌కి నాలుగు బల్లలు — వైరు కోయడం, క్లిప్పులు బిగించడం, టేపు చుట్టడం, టెస్టింగ్. ఒక్కో ట్రేకి ఒక కార్డు. తర్వాతి బల్ల వాళ్లు కార్డు పంపితేనే ఇవతలి బల్ల పని మొదలు. ముందే చేసి కుప్ప పోయకూడదు. ఓనరు శ్రీధర్ సార్ హోసూరు ఫ్యాక్టరీలో చూసొచ్చిన పద్ధతి. నడిపించాల్సింది సూపర్వైజరుగా నేను.

క్లిప్పుల బల్ల దగ్గర రెడ్డెప్ప కార్డును తిప్పి తిప్పి చూశాడు. "ఇంగ ఈ అట్టముక్క చెప్తే పని చేయాల్నా, వసంతా?"

నాకు ఈ పని నేర్పినవాడు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

జూన్ 9

కుప్పలు పోయాయి. షెడ్డులో నేల కనిపిస్తోంది.

జూన్ 14

కార్డులన్నీ ఒకేచోట పేరుకుంటున్నాయి — బోర్డు మీద రెడ్డెప్ప బల్లకున్న కొక్కేనికి. టేపు బల్ల దగ్గర సరోజ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆయన పంతానికి నిదానిస్తున్నాడనుకున్నాను. అన్నాను కూడా. ఇంకో క్లిప్పు చేతికి తీసుకున్నాడు.

జూన్ 16

భోజనాల వేళ సరోజ, చాటుగా: "పంతం కాదక్కా. ఆయప్పకు చేతులు వణుకుతాండాయి. శానా దినాలుగా."

మరి ఇన్నాళ్లూ పని ఎట్లా నడిచిందని అడిగాను.

"మా పని అయినాక ఎవురో ఒకరం కూర్సుని ఆయప్ప క్లిప్పులు బిగిస్తాంటిమి. కుప్పలో ఎవురు బిగించినేటివో ఎవురికి తెలుస్తాది?"

కుప్పలు తీయించింది నేను.

జూన్ 17

పని ఆగినచోటికి ఖాళీగా ఉన్నవాళ్లు వెళ్లి చెయ్యి వేయాలి — పద్ధతిలో అదీ ఉంది. సరోజను పంపాను. రెడ్డెప్ప స్టూలు వదిలి లేచాడు. "నా బల్ల కాడ ఇంగొకరు కూర్సుంటే నేను యాల ఈడ?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

జూన్ 19

ఆయనను మదనపల్లె తీసుకెళ్లాను. డాక్టరు కాగితం ఇచ్చి గీతలు గీయమన్నాడు. వంకరటింకర గీతలు... మందులతో కొంత తగ్గొచ్చట. పూర్తిగా పోతుందని చెప్పలేనన్నాడు.

తిరుగు బస్సులో రెడ్డెప్ప కిటికీ వైపే చూస్తూ: "సార్‌కు చెప్పినావా?"

లేదన్నాను.

"చెప్పల్ల కదా నువ్వు."

జూన్ 22

చెప్పాను. సార్ లేచి బోర్డు మీద రెడ్డెప్ప కార్డులు లెక్కపెట్టాడు. భయమేసి నేనే అడిగాను — కుప్పంలో కొత్త షెడ్డు తెరుస్తున్నాం, అక్కడి అమ్మాయిలకు పని నేర్పేవాళ్లు కావాలి, ఇదే జీతం మీద రెడ్డెప్పను పంపుదామా?

"చెయ్యి ఆడకుండా ఎట్ల నేర్పిస్తాడు?"

"నోటితో చెప్తాడు సార్. నాకు అట్లే చెప్పినాడు."

సరే అన్నాడు.

జూన్ 23

రెడ్డెప్పకు చెప్పాను. "నన్ను పంపించేస్తాండావా?"

కాదన్నాను.

"మరి దీన్నేమంటారు?"



జూన్ 25

ఖాళీ దొరికినప్పుడల్లా క్లిప్పుల బల్ల దగ్గర సరోజ కూర్చుంటోంది; ట్రేలు ఎక్కడా ఆగడం లేదు. లోడు చెప్పిన రోజుకే వెళ్లింది. సార్ అందరికీ మైసూర్‌పాక్ తెప్పించాడు. సరోజ ముట్టలేదు. రెడ్డెప్ప ఒక ముక్క తీసుకుని, రెండో చేత్తో ఆ చెయ్యి పట్టుకుని తిన్నాడు.

జూన్ 28, సోమవారం

ఆయన కుప్పంలో చేరాల్సిన రోజు. పొద్దున బస్టాండు దగ్గర నేనెక్కిన ఆటోలోంచి చూశాను. కుప్పం బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. మెట్టు పక్కన రెడ్డెప్ప. ఇస్త్రీ చొక్కా, చేతులు రెండూ జేబుల్లో. ఎక్కేవాళ్లకు దారి ఇస్తున్నాడు. పిలవబోయి ఆగాను. ఆటో మలుపు తిరిగింది; ఆయన బస్సెక్కాడో లేదో చూడలేదు.

మధ్యాహ్నం కుప్పం షెడ్డుకు ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. సరోజ రెండుసార్లు వచ్చి, నా మొహం చూసి, క్లిప్పుల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.