తాతయ్యకు దుప్పటి, కొత్త అల్లుడికి ఫ్యాను

ఫిబ్రవరి 2, సోమవారం

ఇక మన స్టూడియో దశ తిరిగినట్టే!

కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో కొత్త ఫోటో సాఫ్ట్‌వేర్. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌ని పాతదాంట్లోనే వేయించి సరిపెడదామనుకున్నాను. కంప్యూటర్ డాక్టరు వచ్చాడు. రిపేరు షాపాయనే. మూత విప్పగానే పెదవి విరుస్తాడని నేనే ఆ పేరు పెట్టాను.

"మెమరీ పెంచాలండీ," అన్నాడు. సరే అన్నాను. మెమరీ పెంచాలంటే బోర్డు మార్చాలట. బోర్డు మారిస్తే గ్రాఫిక్స్ కార్డు కావాలట. ఆ కార్డు ఈ డబ్బాలో పట్టదట.

"మరి ఇందులో పనికొచ్చేదేమైనా ఉందా?"

"మూత బాగుందండీ."

అందుకని మొత్తం కొత్తదే కొన్నాం. ఎందుకింత ఆర్భాటం అంటే, స్కూలు. వీధి చివరి స్కూల్లో ఏటా క్లాసు ఫోటోలు తీసేది నేనే. ఒకటి నుంచి పది దాకా అన్ని క్లాసులూ, ఆఖర్న టీచర్ల గ్రూపు. ఈ ఏటివి తీయడం అయిపోయింది, బాగుచేసి ప్రింటివ్వడమే మిగిలింది. పోయినేడు నేను ఫోటోలు చేసిచ్చేసరికి పిల్లలు పరీక్షలు రాసేసి సెలవులకి చెక్కేశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు మొన్న మొహం మీదే చెప్పారు: "ఈసారి పదకొండో తారీఖుకి చేతిలో పెట్టాలి. లేదంటే వచ్చే ఏడు ఎదురు స్టూడియో ఆయన్ని పిలుచుకుంటాం." ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు కాబట్టి వేళాకోళమేమో అన్న ఆశ కూడా లేదు. స్కూలు పోతే నాకు మిగిలేవి పాస్‌పోర్ట్ ఫోటోలే.

నిర్ణయం: పాత కంప్యూటర్ని ఇక ముట్టను. వాడి పేరు తాతయ్య. పక్కన చెంపదెబ్బ కొడితే గానీ లేవడు. దుప్పటి కప్పి మూలన కూర్చోబెట్టాను. మా ఆవిడ ఎదుటే ప్రతిజ్ఞ చేశాను.

"రాసి సంతకం పెట్టండి," అంది. ఎంత నమ్మకమో!

ఫిబ్రవరి 3, మంగళవారం

ఉదయం 10: అద్భుతం! ఒక బటన్ నొక్కితే మొటిమలు మాయం. ఇంకోటి నొక్కితే కళ్లు మూసుకున్నవాళ్లు కళ్లు తెరుస్తున్నారు. ఒకటో తరగతిలో సగం మందికి నిద్ర వదిలించాను. ఇన్నేళ్లు నేను బతికిందీ ఒక బతుకేనా!

11: కొత్తదానికి కొత్త అల్లుడని పేరు పెట్టాను. వేడి పనికిరాదు. టేబుల్ ఫ్యాను ఆయనగారి వైపే తిరగాలి. నాకు చెమటలు కారితే ఎవరికీ పట్టదు. ప్లగ్గు విడిగా ఉండాలి. గదిలో దుమ్ము కనపడకూడదు.

12: వెనక వంటింట్లో మా ఆవిడ మిక్సీ వేసింది. అల్లుడు గుడ్లు తేలేశాడు. రెండో తరగతి మీద చేసిన పనంతా గంగలో కలిసింది.

"అయితే ఏమండీ, ఇక నేను మిక్సీ వెయ్యొద్దా?"

"చేత్తో నూరుకో."

12.05: ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 4, బుధవారం

బుర్రకి తెలుసు. వేళ్లకే తెలీదు. పాతదాంట్లో ఏ మీట నొక్కితే ఫోటో సేవ్ అయ్యేదో, ఇక్కడ అదే మీట నొక్కితే ఫోటో తలకిందులవుతోంది. రెండో తరగతి చేత పొద్దుట్నుంచీ శీర్షాసనాలు వేయిస్తున్నాను.

వీడియో పాఠం చూశాను. అందులో అతను మాటకి ముందొకసారి, వెనకొకసారి "చాలా సులువు" అంటున్నాడు. నేను అన్నిసార్లూ "నీ మొహం" అన్నాను.

పూర్తయినవి: ఒకటో తరగతి.
మిగిలినవి: అడక్కండి.

ఫిబ్రవరి 5, గురువారం

ఒక్క ఫోటో. ఒక్కటంటే ఒక్కటి!

పాస్‌పోర్ట్ ఫోటోకని ఒకావిడ వచ్చింది. బస్సు వెళ్లిపోతుందని ఒకటే తొందర. అల్లుడేమో ఆవిడ మొహంలోని మచ్చలన్నీ తుడిచేసి, వయసు తగ్గించి, ఆవిడ కూతుర్ని నా ముందు పెట్టాడు. ఏం చెయ్యమంటారు? మానవత్వం అనేది ఒకటుంటుంది. దుప్పటి తీసి తాతయ్యని ఒక్కటిచ్చాను. టప్!

"ఏమండీ, ఆ చప్పుడేంటి?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"దోమ!"

"చచ్చిందా?"

"లేచింది."

పాస్‌పోర్ట్ ఆవిడ బస్సు అందుకుంది. తాతయ్య ఎలాగూ లేచాడు కదా, వెంటనే పడుకోబెట్టడం దేనికని రెండో తరగతి కూడా కానిచ్చేశాను. గంటలో అయిపోయింది. వేళ్లు వాటంతటవే నడిచాయి. హాయిగా ఉంది. రేపటి నుంచి మాత్రం గట్టిగా ఉంటాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

టప్, టప్.

"మళ్లీ దోమలా?"

"రెండు!"

మా ఆవిడ దోమల చుట్ట వెలిగించి తెచ్చి సరిగ్గా నా కుర్చీ కింద పెట్టింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు దగ్గుతూనే పూర్తి చేశాను.

దీన్ని ఓటమి అనకూడదు. పని పంపకం అనాలి. అల్లుడు కూడా ఖాళీగా లేడు. ఆయన తెర మీద ఒకటో తరగతి ఫోటో తెరిచి పెట్టాను. మా ఆవిడ తొంగి చూస్తే ఏదో ఒకటి కనిపించాలి కదా.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆదివారం నిర్ణయాలు చెల్లవు. సెలవు.

సాయంత్రం: దొరికిపోయాను.

ఎనిమిదో తరగతి మధ్యలో ఉండగా మా ఆవిడ టీ తెచ్చింది. చటుక్కున దుప్పటి కప్పేశాను. ఆవిడ గ్లాసు తాతయ్య నెత్తిన పెట్టబోయి ఆగి, దుప్పటి మీద చెయ్యి వేసి చూసింది.

"ఇదేంటండీ, కాలిపోతోంది?"

"దుప్పటి కప్పాం కదా, ఉక్కపోత."

అల్లుడి తెర వైపు చూసింది. "శుక్రవారం నుంచీ ఆ ఒకటో తరగతి పిల్లలే కూర్చున్నారు. అందరూ ఫెయిలయ్యారా?"

టీ గ్లాసు కోసం చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి. నేనేమన్నా అంటానా? లేని దోమల్ని చంపడమెందుకు?"

అరిచినా బాగుండేది. మెల్లగా అంది. టీచర్ల గ్రూపు ఫోటో అల్లుడి మీదే చేస్తాను. ఆవిడ కళ్లెదుటే చేస్తాను. చూద్దాం!

ఫిబ్రవరి 10, మంగళవారం

పది క్లాసులూ పూర్తి. (తాతయ్య పుణ్యమే. కాదనను.)

ఉదయం 11: టీచర్ల గ్రూపు. మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నాను. మిక్సీ ప్లగ్గు పీకేశాను. అల్లుడి దగ్గర ఒక మహా బటన్ ఉంది. అది నొక్కితే ఒక్కొక్కరి కోసం తంటాలు పడక్కర్లేదు, అందర్నీ ఒకేసారి బాగుచేస్తుంది. నొక్కాను.

రెప్పపాటులో అయిపోయింది! అందరి కళ్లూ తెరుచుకున్నాయి. అందరి మొహాలూ కళకళ్లాడిపోతున్నాయి. ఏడుపుగొట్టు లెక్కల మాస్టారు కూడా వెలిగిపోతున్నాడు.

"చూశావా!"

"చూశానండీ," అంది మా ఆవిడ. పాలు పొంగుతున్నాయని పరిగెత్తింది.

వెంటనే ప్రింటుకి పంపేశాను. ఇంత బాగా వచ్చినదాన్ని మళ్లీ మళ్లీ చూసి దిష్టి పెట్టడం దేనికి!

ఫిబ్రవరి 11, బుధవారం

చెప్పిన రోజుకి చెప్పినట్టు ఇచ్చేశాను! హెడ్‌మిస్ట్రెస్ గారు ఏదో మీటింగుకి వెళ్లారట. ప్యూను తీసుకుని గ్రూపు ఫోటోని స్టాఫ్‌రూములో తగిలించేశాడు. ఎదురు స్టూడియో ఆయన గుమ్మంలో నిలబడి ఉంటే కావాలనే ఈల వేసుకుంటూ వచ్చాను.

ఫిబ్రవరి 12, గురువారం

కొంప మునిగింది.

సాయంత్రం నాలుగున్నరకి హెడ్‌మిస్ట్రెస్ గారు స్వయంగా వచ్చారు. చంకలో గ్రూపు ఫోటో, ఫ్రేముతో సహా. కౌంటరు మీద పెట్టి మధ్య కుర్చీ మీద వేలు ఆనించారు.

"ఎవరీవిడ?"

"మీరేనండీ."

"నేను నవ్వుతున్నానా?"

చూశాను. నవ్వుతున్నారు. చెవుల దాకా.

"పొద్దుట్నుంచీ స్టాఫ్‌రూములోకి వెళ్లినవాళ్లంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొస్తున్నారు. కిటికీలోంచి ఫోటో చూసిన మూడో తరగతి పిల్ల ఒకతి నా చెయ్యి పట్టుకుని చాక్లెట్ ఉందా మేడమ్ అని అడిగింది. నన్ను!"

అప్పుడు కనబడింది. ఎడమవైపు పన్ను మీద పన్ను. ఆవిడకలా లేదు. అది పక్క కుర్చీలో కూర్చున్న డ్రిల్లు మాస్టారి పన్ను. ఆవిడ మైకులో మాట్లాడుతుంటే విజిల్ ఊదాడని ఆయనతో ఆవిడకి మాటల్లేవు. అలాంటి ఇద్దరికీ కలిపి అల్లుడు ఒకటే నవ్వు సర్దేశాడు.

"ఆ పళ్లెవరివండీ?" అన్నారు, నా చూపు ఎక్కడ ఆగిందో పట్టేసి.

ఏదో ఒకటి అల్లి చెబుదామనుకున్నాను. మా ఆవిడ నా వంకే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

హెడ్‌మిస్ట్రెస్ గారి మొహం ఎర్రబడింది. "నా మొహం నాకు పెట్టివ్వండి. రేపు పొద్దున్నకల్లా. లేకపోతే వచ్చే ఏడు దాకా ఎందుకు, ఇప్పుడే ఎదురుగా వెళ్తాను."

అసలు ఫోటోలు తెర మీద పెట్టాను, ఏ మొహం కావాలో ఎంచుకుంటారని. ఈ ఏడు గ్రూపుకి తీసినవన్నీ ఒకేలా ఉన్నాయి. ఎవరో తప్పు చేశారు, ఎవరో తేలేదాకా కుర్చీ దిగను అన్నట్టు. పోయినేటివి తెరిచాను. అంతకు ముందువీ తెరిచాను. చీర మారింది, కళ్లజోడు మారింది. మొహం మాత్రం అదే.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు. "నేనెప్పుడూ ఇలాగే ఉంటానా?" అన్నారు. మమ్మల్ని అడిగినట్టు లేదు. నాకు ఆవిడంటే మొదటిసారి జాలేసింది.

"మళ్లీ తీయండి," అని స్టూలు మీద కూర్చున్నారు. "నవ్వాల్సి వస్తే నా పళ్లతో నేనే నవ్వుకుంటాను."

లైట్లు వేశాను. ఆవిడ పెదవులు సాగదీశారు. ఇంకాస్త సాగదీశారు. పంటి డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టుంది గానీ నవ్వులా లేదు.

"నవ్వండి మేడమ్."

"ఎందుకు?"

వెటకారం కాదు. తెలుసుకుందామనే అడిగారు. ఈ కెమెరా వెనక నిలబడి ఎన్ని వేలమందిని నవ్వమన్నానో! ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేనూ నిజంగానే ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు.

"నాకూ తెలీదండీ," అన్నాను.

ఆవిడ నవ్వారు. భుజాలు అదిరేలా, కళ్లజోడు జారేలా, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయేలా. నొక్కేశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

స్కూలు నాదే!

ఆ మొహాన్ని గ్రూపులో అతికించి పొద్దున్నే ఇచ్చేశాను. (దేని మీద అతికించానో రాయను.) హెడ్‌మిస్ట్రెస్ గారు చూసి, "వచ్చే ఏడు కూడా ఇదే తారీఖు," అన్నారు, ఎప్పటి మొహంతోనే. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. తన ఒక్కరి ఫోటో పెద్దది కావాలట. స్కూలుకి కాదు, ఇంటికి.

అంత పెద్ద ఫోటో తాతయ్య వల్ల కాదు. అల్లుడి ముందు కూర్చున్నాను. తెరిచానో లేదో మొదలెట్టాడు. ఒక కన్ను మూసుకుంది, తెరవమంటారా? వద్దు. కళ్లజోడు జారింది, ఎత్తమంటారా? వద్దు. నవ్వు ఒకపక్కకి ఒరిగింది, సరిచేయమంటారా?

వద్దన్నానా!

సోమవారం నుంచి పనంతా అల్లుడి మీదే. ఖాయం. శని, ఆదివారాలు పాస్‌పోర్ట్ ఫోటోలు మాత్రం తాతయ్య చూసుకుంటాడు. మా ఆవిడకి చెప్తే, "ఏ సోమవారమండీ?" అంది. అననీ. అల్లుడికి వద్దని చెప్పడం నాకు వచ్చేసింది. ఇక భయమేముంది!